నథానియల్ గ్రీన్: యుద్ధాలన్నీ ఓడిన జనరల్‌కు అంత పేరెందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "మా అబ్బాయి నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆ ఊరికి నథానియల్ గ్రీన్ అనే జనరల్ పేరు పెట్టారట. చదివి చూస్తే ఆయన సొంతంగా నడిపిన యుద్ధాలన్నీ ఓడిపోయాడని ఉంది. అలాంటాయన్ని వాషింగ్టన్ తర్వాత అంతటివాడని ఎలా అంటారు? వేసవిలో అక్కడికి వెళ్తున్నాం, ఆ యుద్ధభూమి చూడదగ్గదేనా?"

మీరు చదివింది నిజమేనండీ. బ్రిటిష్ వాళ్లతో జరిగిన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, దక్షిణాది రాష్ట్రాల్లో గ్రీన్ స్వయంగా నడిపిన పెద్ద పోరాటాలు నాలుగు: గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్, హాబ్‌కర్క్స్ హిల్, నైంటీ సిక్స్ కోట ముట్టడి, యూటా స్ప్రింగ్స్. నాలుగూ 1781లోనే జరిగాయి. నాలుగింట్లోనూ చివరికి అక్కణ్ణుంచి తప్పుకున్నది ఆయనే. కానీ అంతకు ముందు డిసెంబరులో ఆయన దక్షిణాది సైన్యం పగ్గాలు అందుకునేసరికి జార్జియా, సౌత్ కరోలినా దాదాపు పూర్తిగా బ్రిటిష్ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి వాళ్లకు చార్ల్‌స్టన్, సవానా అనే రెండు రేవు పట్టణాలు, వాటి చుట్టూ కాస్త నేల మిగిలాయి. పోరాటాలు ఓడిపోయాడు, సీమ మాత్రం గెలుచుకున్నాడు. పేరు వచ్చింది అందుకే.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు అమ్మాయి దగ్గర గ్రీన్స్‌బరోలోనే ఉంటున్నాను. ఇండియా నుంచి చుట్టాలు, స్నేహితులు ఎవరొచ్చినా గిల్‌ఫర్డ్ పార్కు తిప్పి చూపించే పని నా మీదే పడుతుంది. గుర్రం మీదున్న గ్రీన్ విగ్రహం దగ్గర నిలబడి అందరూ మీలాగే అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గ్రీన్ 1742లో రోడ్ ఐలాండ్‌లో క్వేకర్ల ఇంట్లో పుట్టాడు. క్వేకర్లంటే ఆయుధం పట్టడమే పాపమనుకునే శాఖ. వాళ్లది ఇనుప పని, ఓడల లంగర్లు చేసే కొలిమి. బడి చదువు అంతంతమాత్రం. పుస్తకాలు తెప్పించుకుని తనంతట తానే చదువుకున్నాడు, అందులో యుద్ధశాస్త్రమూ ఉంది. నడకలో కుంటి ఉంది, దానికి తోడు ఉబ్బసం. 1774లో ఊళ్లో కుర్రాళ్లతో కలిసి కెంటిష్ గార్డ్స్ అనే దళం పెట్టారు. తీరా దళం కట్టాక, కుంటివాణ్ణి ఆఫీసరుగా పెట్టుకుంటే నలుగురిలో చిన్నతనమని తోటివాళ్లే గొణిగారు. ఆయన అలిగి ఇంటికి పోలేదు, మామూలు సిపాయిగానే కవాతు చేశాడు. 1775 మేలో రోడ్ ఐలాండ్ సొంత సైన్యం పంపాల్సి వచ్చినప్పుడు అక్కడి శాసనసభ ఆ సిపాయినే నేరుగా బ్రిగేడియర్ జనరల్‌ను చేసింది. మధ్యలో మెట్లేమీ లేవు. ఇంకో నెలకు కాంటినెంటల్ సైన్యంలోనూ, అంటే అన్ని రాష్ట్రాల ఉమ్మడి సైన్యంలోనూ, అదే హోదా వచ్చింది.

మొదట్లో దెబ్బ తిన్నాడు కూడా. 1776 నవంబరులో న్యూయార్క్ దగ్గర ఫోర్ట్ వాషింగ్టన్‌ను వదలొద్దు, నిలబెట్టుకోవచ్చు అని సలహా ఇచ్చింది ఆయనే. కోట పడిపోయింది, దాదాపు 2,800 మంది బందీలయ్యారు. ఇంకొకరైతే ఆ దెబ్బతో ఇంటికి పోయేవాళ్లు. వాషింగ్టన్ ఆయన్ని దగ్గరే ఉంచుకున్నాడు. డిసెంబరులో ట్రెంటన్ మీద పడ్డప్పుడు ఒక భాగాన్ని గ్రీనే నడిపాడు. మనుషుల్ని అంచనా వేయడంలో వాషింగ్టన్ చాలాసార్లు తప్పాడు గానీ ఈ విషయంలో తప్పలేదు.

ఇక మీ ప్రశ్నకు అసలు కీలకం దగ్గరికి వస్తాను. చాలామంది ఈ భాగాన్ని చదవకుండా పేజీ తిప్పేస్తారు. వ్యాలీ ఫోర్జ్‌లో సైన్యం ఆకలితో, చలితో నకనకలాడిన శీతాకాలం చివర, 1778 మార్చిలో, గ్రీన్‌ను క్వార్టర్‌మాస్టర్ జనరల్‌ను చేశారు. బళ్లు, గుర్రాలు, మేత, గుడారాలు, దారులు, పడవలు అన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. ఆయనకు అది బొత్తిగా ఇష్టం లేదు. చరిత్రలో క్వార్టర్‌మాస్టర్ పేరు ఎవరు విన్నారు గనక అని వాషింగ్టన్‌కు రాసి మరీ ఏడ్చాడు. అయినా రెండేళ్లకు పైగా చేశాడు. కొనుగోళ్ల మీద కమీషన్ తీసుకునే పద్ధతి ఉండటంతో కాంగ్రెస్‌లో మాటలు పడ్డాడు. చివరికి 1780 వేసవిలో గొడవపడి వదిలేశాడు. ఇష్టం లేకుండా చేసిన ఆ ఉద్యోగమే ఆయన్ని తయారుచేసిందని నా అభిప్రాయం. వెయ్యి మంది ఒక ఊళ్లో ఎన్నాళ్లు తినగలరు, ఏ నదిని ఎక్కడ దాటొచ్చు, ఒక బండి విరిగితే ఎంతమంది పస్తుంటారు, ఇవన్నీ వేళ్ల కొసల మీద తెలిసిన జనరల్ ఆ సైన్యంలో ఇంకొకడు లేడు.

1780లో దక్షిణాన పరిస్థితి ఏమిటంటే, మేలో చార్ల్‌స్టన్ పోయింది. ఆగస్టులో క్యామ్‌డెన్ దగ్గర అమెరికన్ జనరల్ గేట్స్ సైన్యం చెల్లాచెదురైంది. గేట్స్ స్థానంలో వాషింగ్టన్ గ్రీన్‌ను పంపాడు. డిసెంబరు మొదట్లో గ్రీన్ షార్లట్ చేరేసరికి కాగితం మీద 2,300 మంది ఉన్నారు. ఒంటికి బట్ట, చేతికి సరైన సరంజామా ఉన్నవాళ్లు 800 మంది కూడా లేరు. వచ్చిన మొదటి రాత్రే అక్కడి సరఫరాలు చూసే కర్నల్ పోల్క్‌ను కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ ఆరా తీశాడట. గేట్స్ తన హయాం మొత్తంలో తెలుసుకోనిది ఈయన ఒక్క రాత్రిలో తెలుసుకున్నాడని పోల్క్ తర్వాత చెప్పుకున్నాడంటారు. నదుల మీదికి మనుషుల్ని పంపి లోతులు, రేవులు, దొరికే పడవలు రాయించాడు. ఆ పని చేసినవాళ్లలో పోలండ్ ఇంజనీరు కొస్యూష్కో ఒకడు.

తర్వాత చేసిన పని చూస్తే ఏ మిలిటరీ పాఠశాలలోనైనా సున్నా మార్కులు వేస్తారు. శత్రువు కన్నా బలం తక్కువ పెట్టుకుని ఉన్న సైన్యాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్కను డేనియల్ మోర్గన్‌కిచ్చి పడమటికి పంపాడు, తను తూర్పున చెరా వైపు వెళ్లాడు. షార్లట్ చుట్టూ తిండి అయిపోయింది, అందరూ ఒకేచోట ఉంటే పస్తులే. పైగా తను రెండుగా చీలితే అవతలి బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ కూడా చీలక తప్పదు. అదే జరిగింది. కారన్‌వాలిస్ తన గుర్రపు దళం నాయకుడు టార్ల్‌టన్‌ను మోర్గన్ మీదికి పంపాడు. 1781 జనవరి 17న కౌపెన్స్ దగ్గర మోర్గన్ ఆ దళాన్ని దాదాపు తుడిచిపెట్టాడు. వందకు పైగా చచ్చారు, 500 మందికి పైగా బందీలయ్యారు.

ఆ కసితో కారన్‌వాలిస్ రామ్‌సోర్స్ మిల్ దగ్గర ఆగి, వేగంగా తరమడానికి అడ్డమని తన సొంత సామాను తగలబెట్టించాడు. గుడారాలు, బళ్లు, తిండి, ఆఫీసర్ల పెట్టెలు అన్నీ మంటల్లో పోయాయి. రమ్ పీపాలు పగలగొట్టి నేలపాలు చేశారు. మందుగుండుకు, ఉప్పుకు, వైద్యానికి, రోగులకు కావలసిన బళ్లు మాత్రం ఉంచుకున్నాడు. నడి చలికాలం, వానలు, ఎర్రమట్టి బురద. క్వార్టర్‌మాస్టర్‌గా పనిచేసిన మనిషికి ఈ కబురు అందితే ఏమనిపించి ఉంటుందో ఊహించుకోండి.

అక్కడి నుంచి డాన్ నది దాకా పరుగు. కటాబా, యాడ్కిన్, డాన్, ఒక్కో నదినీ గ్రీన్ సైన్యం ముందు దాటడం, పడవలన్నీ అవతలి ఒడ్డున ఉండిపోవడం, వాన నీటితో పొంగిన నది ముందు కారన్‌వాలిస్ ఆగిపోవడం. వెనక ఓథో విలియమ్స్ నడిపిన 700 మంది తేలిక దళం శత్రువును పక్కదారి పట్టిస్తూ, సరిగా నిద్ర లేకుండా నడిచింది. ఫిబ్రవరి 14న డాన్ దాటి వర్జీనియాలో పడ్డారు. బ్రిటిష్ వాళ్లు ఒడ్డుకు వచ్చేసరికి నీళ్లే ఉన్నాయి, పడవల్లేవు. వెనక్కి చూస్తే తమ సరఫరా కేంద్రాలు ఎక్కడో దూరాన ఉన్నాయి, బళ్లు తామే కాల్చుకున్నారు.

గ్రీన్ ఎక్కువ రోజులు దాక్కోలేదు. బలగం కూడగట్టుకుని తిరిగొచ్చి, మార్చి 15న గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర తను ఎంచుకున్న చోట నిలబడ్డాడు. ఆయన దగ్గర సుమారు 4,400 మంది, వాళ్లలో ఎక్కువమంది పొలాల నుంచి వచ్చిన మిలీషియా, అంటే అవసరానికి పిలిస్తే వచ్చే పౌర దళం. అవతల 1,900 మంది, అందరూ ఆరితేరినవాళ్లు. గ్రీన్ మూడు వరుసలు పెట్టాడు. ముందు పొలం అంచున కర్రల దడి వెనక నార్త్ కరోలినా మిలీషియా, వెనక అడవిలో వర్జీనియా మిలీషియా, చివర కోర్టు దగ్గర దిబ్బ మీద అసలు సైనికులు. మొదటి వరుస రెండు మూడు దెబ్బలు కాల్చి పారిపోయింది. రెండో వరుస చెట్ల మధ్య మొండిగా ఆడింది. మూడో దగ్గర ఒకరి మీద ఒకరు పడి ముఖాముఖి పోరు. చివరికి గ్రీన్ ఉన్న కాస్త సైన్యాన్నీ పణంగా పెట్టడం ఇష్టం లేక, ఫిరంగులు వదిలేసి వరుస చెడకుండా వెనక్కి తప్పుకున్నాడు.

ఆట రూల్సు ప్రకారం గెలుపు కారన్‌వాలిస్‌దే. కానీ ఆయనకు 93 మంది అక్కడికక్కడే పోయారు, 400 మందికి పైగా గాయపడ్డారు. అంటే నాలుగో వంతుకు పైగా మనుషులు ఒక్క మధ్యాహ్నంలో చావో గాయమో పాలయ్యారు. ఆ రాత్రి వాన. గుడారాలు ముందే కాల్చుకున్నారు గదా, గాయపడ్డవాళ్లు తడుస్తూ పడున్నారు. ఇలాంటి గెలుపు ఇంకొక్కటి వస్తే మన సైన్యం నాశనమే అని లండన్ పార్లమెంటులో చార్ల్స్ జేమ్స్ ఫాక్స్ అన్నాడు. గ్రీన్ పోగొట్టుకున్న మిలీషియా మళ్లీ పుడుతుంది. కారన్‌వాలిస్ పోగొట్టుకున్న సిపాయి సముద్రం దాటి రావాలి. గ్రీన్ లెక్క వేసింది ఎవరు మైదానం వదిలారని కాదు, పోయినదాన్ని ఎవరు తిరిగి తెచ్చుకోగలరని.

కారన్‌వాలిస్ సముద్ర తీరాన విల్మింగ్టన్ చేరి, ఏప్రిల్ 25న అక్కణ్ణుంచి వర్జీనియా దారి పట్టాడు. అది అక్టోబరులో యార్క్‌టౌన్ లొంగుబాటుతో ముగిసింది. గ్రీన్ ఆయన వెంట పడలేదు. తిన్నగా సౌత్ కరోలినాకు మళ్లాడు. అదే ఏప్రిల్ 25న క్యామ్‌డెన్ దగ్గర హాబ్‌కర్క్స్ హిల్ మీద బ్రిటిష్ సేనాని లార్డ్ రాడన్ చేతిలో ఓడాడు. మేము పోరాడతాం, ఓడతాం, లేస్తాం, మళ్లీ పోరాడతాం అని ఫ్రెంచి రాయబారికి రాసింది ఆ రోజుల్లోనే. గెలిచిన రాడన్ రెండు వారాలకే క్యామ్‌డెన్‌ను తగలబెట్టి వెళ్లిపోయాడు. ఎందుకంటే అదే సమయంలో గ్రీన్ వైపు నుంచి ఫ్రాన్సిస్ మేరియన్, హెన్రీ లీ వాళ్లు వెనకనున్న చిన్న కోటల్ని ఒకటొకటిగా పట్టేస్తున్నారు, సరఫరా దారి తెగిపోయింది. నైంటీ సిక్స్ దగ్గరా ఇదే కథ. దాదాపు నెల రోజులు ముట్టడించి పట్టలేక గ్రీన్ వెళ్లిపోయాడు. రాడన్ వచ్చి కోటను కాపాడాడు, కాపాడి వెంటనే ఖాళీ చేశాడు. సెప్టెంబరులో యూటా స్ప్రింగ్స్‌లో గ్రీన్ మనుషులు శత్రువుల శిబిరంలో దొరికిన సరుకు, రమ్ మీద పడి గెలవాల్సింది చేజార్చుకున్నారు. అయినా బ్రిటిష్ వాళ్లే తర్వాత చార్ల్‌స్టన్ వైపు తగ్గారు.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది, క్లాసులో ఇది చెబితే వెనక బెంచీలు కూడా తల ఎత్తేవి. ఈ కారన్‌వాలిస్ మనం శాశ్వత శిస్తు పద్ధతిలో చదువుకునే కారన్‌వాలిసే. 1786లో గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1791 మేలో శ్రీరంగపట్నం ముందు అరికెర దగ్గర టిప్పు మీద పోరాటం గెలిచాడు. గెలిచినా తిండి లేదు, మేత లేదు, ఎద్దులు చచ్చిపోతున్నాయి. భారీ ఫిరంగుల్ని లాగేవి లేక తనే పగలగొట్టించి బెంగళూరుకు వెనుదిరిగాడు. పదేళ్ల తర్వాత మళ్లీ గిల్‌ఫర్డ్ అన్నమాట. ఈసారి మాత్రం పాఠం ఒంటబట్టింది. మరుసటి దాడికి ధాన్యం ఎద్దుల మీద మోసుకొచ్చే లంబాడీలను, ఇంగ్లీషు వాళ్లు బ్రింజారీలని రాసేవాళ్లను, పెద్ద ఎత్తున చేరదీశాడు. 1792లో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. ఆ పంపకంలోనే కడప ప్రాంతం నిజాంకు వచ్చింది. లార్డ్ రాడన్ కూడా మనకు తెలిసినవాడే. 1813 నుంచి 1823 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ హేస్టింగ్స్ ఆయనే. హైదరాబాదులో నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన పామర్ కంపెనీ కుంభకోణంలో ఆ కంపెనీని వెనకేసుకొచ్చాడని చెడ్డపేరు మూటగట్టుకుని వెళ్లాడు.

గ్రీన్‌ను ఆకాశానికెత్తేవాళ్లతో నాకు రెండు పేచీలున్నాయి.

ఒకటి, ఈ గెలుపు ఒక్కడిది కాదు. కౌపెన్స్ మోర్గన్‌ది. కోటలు మేరియన్, లీ, పికెన్స్ వాళ్లవి. అంతేకాదు, దక్షిణాన జరిగింది ఊళ్ల మధ్య, ఇళ్ల మధ్య అంతర్యుద్ధం. ఫిబ్రవరిలో రాజభక్తుల దళం, అంటే బ్రిటిష్ పక్షాన నిలిచిన స్థానికుల దళం, ఒకటి లీ గుర్రపు దళం ఆకుపచ్చ కోట్లు చూసి టార్ల్‌టన్ మనుషులనుకుని దారి ఇచ్చింది. ఆ పొరపాటుకు సుమారు 90 మంది నరికివేతకు బలయ్యారు. ఆ దెబ్బతో కారన్‌వాలిస్ పిలుపుకు రావాల్సిన స్థానికులు రాలేదు. గ్రీన్ వ్యూహానికి అది కలిసొచ్చిన మాట నిజం, గర్వంగా చెప్పుకోదగ్గది మాత్రం కాదు.

రెండు, బానిసత్వం. బానిసల్ని సైన్యంలో చేర్చుకుని స్వేచ్ఛ ఇద్దామని సౌత్ కరోలినా పెద్దలకు ఆయన ప్రతిపాదించాడు, వాళ్లు కుదరదన్నారు. అదే మనిషి యుద్ధం తర్వాత జార్జియా బహుమతిగా ఇచ్చిన మల్బరీ గ్రోవ్ ఎస్టేటులో బానిసలతో వరి పండించాడు. క్వేకర్ల ఇంట పుట్టి, స్వేచ్ఛ కోసం పోరాడి, చివరికి అక్కడ తేలాడు. ఈ భాగం దాటవేసి జీవితచరిత్ర చెప్పడం నాకు నచ్చదు.

చివరి రోజులు దయనీయం. సైన్యానికి బట్టలు రావడం లేదని జాన్ బ్యాంక్స్ అనే కాంట్రాక్టరుకు తను జామీను సంతకం పెట్టాడు. బ్యాంక్స్ ఆ డబ్బు వేరే బేరాల్లో పోశాడు. గ్రీన్ ఆయన్ని వెతుక్కుంటూ వర్జీనియా వెళ్తే, అప్పటికే చచ్చిపోయి పూడ్చిపెట్టారని తెలిసింది. అప్పులన్నీ జామీనుదారు మెడకు చుట్టుకున్నాయి. వాటిని తీర్చే ప్రయత్నాల్లో ఉండగానే 1786 జూన్‌లో పొరుగు ఎస్టేటులో వరి పొలాలు చూస్తూ ఎండలో తిరిగాడు. తలనొప్పి మొదలైంది, తల వాచింది, జూన్ 19న పోయాడు. వడదెబ్బ అనే అంటారు. వయసు 43. భార్య కేథరిన్ ఏళ్లపాటు కాంగ్రెస్ చుట్టూ తిరిగి 1792లో 47,000 డాలర్లు రాబట్టింది. ఆమె ఇంట్లో అతిథిగా ఉన్న ఎలి విట్నీ 1793లో పత్తి గింజలు తీసే యంత్రం అక్కడే తయారుచేశాడు. దక్షిణాన పత్తి సాగు, దానితో పాటు బానిసత్వం ఎంతగా పెరిగాయో మీకు తెలిసిందే.

ఇక పార్కు సంగతి. తప్పకుండా వెళ్లండి, ప్రవేశ రుసుము లేదు. కాకపోతే చాలామంది చేసేట్టు తిన్నగా విగ్రహం దగ్గరికి వెళ్లి ఫొటో దిగి రావద్దు. ముందు విజిటర్ సెంటర్లో మ్యాపు తీసుకుని, మొదటి వరుస ఉన్న చోట మొదలుపెట్టి బ్రిటిష్ వాళ్లు నడిచినట్టే మూడో వరుస దాకా నడవండి. వరుసల మధ్య ఎంత దూరముందో, మధ్యలో చెట్లు ఎంత దట్టమో మీ కాళ్లకే తెలుస్తుంది. రెండో వరుసలో ఉన్నవాడికి మొదటి వరుసలో ఏం జరుగుతోందో ఎందుకు కనపడలేదో అక్కడ నిలబడితే వేరే చెప్పక్కర్లేదు. కౌపెన్స్‌లో మోర్గన్ కూడా వరుసలే పెట్టాడు గానీ అంతా కళ్లెదుటే ఉండేలా పెట్టాడు. గ్రీన్ ఆ వరుసల్ని మరీ దూరంగా పరిచాడని విమర్శకులంటారు, నేనూ వాళ్ల పక్షమే.

జూన్, జూలైల్లో ఇక్కడ ఉక్కపోత విజయవాడకు తీసిపోదు. ఉదయం తొమ్మిదిలోపే నడక మొదలుపెట్టండి, నీళ్లు దగ్గరుంచుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే చుట్టూ తిరిగే కారు దారి ఉంది, ఆగడానికి చోట్లూ ఉన్నాయి. అబ్బాయికి కారుంటే ఒక రోజు పెట్టుకుని కౌపెన్స్ కూడా చూడండి. షార్లట్ మీదుగా ఐ-85 పట్టుకుని సౌత్ కరోలినాలోకి వెళ్లాలి, హైవే దిగాక కొద్ది దూరమే. అట్లాంటాలో చుట్టాలుండి అటు వెళ్లే పని ఉంటే అది దారిలోనే తగులుతుంది.